వెనక చక్రం మీద 112 కిలోలు

ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తొక్కే సైకిల్‌ను టాండెమ్ అంటారు. 1880ల్లో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న ఈ బండికి సీట్లు రెండు, పెడళ్ల జతలు రెండు, చక్రాలు మాత్రం మామూలుగానే రెండు. ఇద్దరి బరువూ, వారి సామానూ కలిసి ఆ రెండు టైర్ల మీదే పడుతుంది. అందుకే టాండెమ్ మీద దూరాలు తిరిగే జంటలకు టైరు ఎంపిక పెద్ద పరీక్ష. ఏ వెడల్పు తీసుకోవాలి, ఎంత గాలి పట్టించాలి, ఎన్ని పొరలుండాలి అని నెలల తరబడి ఆరా తీస్తారు.

ఇప్పుడు ఇంకో బండి. ఆలేరు పరిసరాల్లోని ఏదో తాటివనం నుంచి ఊళ్లోకి కల్లు మోసుకొచ్చే మామూలు నల్ల సైకిల్. తొక్కేది ఒక్కరే. క్యారేజికి అటూ ఇటూ లొట్లు, అంటే కల్లు కుండలు, వేలాడుతుంటాయి. ఈ రెండు బండ్లలో దేని వెనక టైరు ఎక్కువ బరువు మోస్తుంది?

లెక్క కట్టి చూడవచ్చు. టాండెమ్ మీద ఇద్దరూ కలిసి 130 కిలోలు, బండి 20, సామాను 30 అనుకుంటే మొత్తం 180 కిలోలు. ఇద్దరూ రెండు చక్రాల మధ్యనే కూర్చుంటారు కనుక ఆ బరువు ముందుకూ వెనక్కూ దాదాపు సమంగానే పంచుకుపోతుంది. వెనక చక్రానికి నూటికి 55 వంతులు వచ్చినా 99 కిలోలే. నల్ల సైకిల్ సంగతి వేరు. తొక్కేవారు 60 కిలోలు, బండి 20, లొట్లు 60. మొత్తం 140 కిలోలే. కానీ క్యారేజి బరువు కేంద్రం తరచూ వెనక ఇరుసు కన్నా వెనక్కి జరిగి ఉంటుంది. ఇరుసుకు 10 సెంటీమీటర్లు వెనకగా ఉందనుకుందాం. చక్రాల మధ్య దూరం 115 సెంటీమీటర్లయితే, తులాదండ సూత్రం ప్రకారం ఆ 60 కిలోల లొట్లు వెనక చక్రాన్ని 65 కిలోల బలంతో నొక్కుతాయి, ముందు చక్రాన్ని 5 కిలోల బలంతో పైకి లేపుతాయి. తొక్కేవారి బరువులో 36 కిలోలు, బండి బరువులో 11 కిలోలు కూడా వెనక్కే వస్తాయి. కూడితే వెనక టైరు మీద 112 కిలోలు, ముందు టైరు మీద 28.

అంటే 180 కిలోల టాండెమ్ కన్నా 140 కిలోల కల్లు సైకిల్ వెనక టైరు పడే పాటు ఎక్కువ. ప్రపంచమంతా టాండెమ్ టైర్ల గురించి నేర్చుకున్న దాదాపు ప్రతి పాఠమూ ఈ నల్ల సైకిల్‌కు వర్తిస్తుంది, ఒక్కోసారి ఇంకాస్త గట్టిగానే.

ఆలేరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలోది. హైదరాబాదు–వరంగల్ రహదారి, సికింద్రాబాదు–కాజీపేట రైలు మార్గం రెండూ ఊరిని తాకుతూ పోతాయి. ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలో కొలనుపాక జైన మందిరం, పడమటి దిక్కున యాదగిరిగుట్ట. నేల ఎక్కువగా ఎర్ర చెల్క, మధ్యమధ్య నల్లరాతి గుట్టలు, బాటల పక్కన తుమ్మలు, తాళ్లు. ఈ ప్రాంతంలో సైకిల్ అంటే షికారు వాహనం కాదు, బరువు వాహనం. గీత కార్మికుడు కల్లు మోశాడు. పాలవాళ్లు క్యాన్లు మోశారు. నేతగాళ్లు నూలు కట్టలు తెచ్చుకుని చీరల మూటలు తీసుకుపోయారు. ఇక నీళ్లు. భూగర్భజలంలో ఫ్లోరైడు ఎంత ఎక్కువగా ఉండేదంటే, దాన్ని పటికతో, సున్నంతో తొలగించేందుకు నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. మంచినీళ్ల బావి ఎక్కడుంటే అక్కడికి సైకిల్ వేసుకుపోయి బిందెలు నింపుకు రావడం ఎన్నో ఊళ్లలో ఇంటిపని అయింది. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బిందెలు నాలుగు కట్టుకుంటే 60 కిలోలు. మోపెడ్లు, మోటారు సైకిళ్లు వచ్చాక ఈ రద్దీ తగ్గింది. తగ్గినా ఆగిపోలేదు. పెట్రోలు ఖర్చు భరించలేని ఇళ్లు ఉన్నంత కాలం అది ఆగదు కూడా.

ఇంత బరువును మోస్తున్నది ఏమిటి? రబ్బరు అనుకుంటాం. రబ్బరు వాటా చాలా చిన్నది. మోసేది లోపలి గాలి.

నల్ల సైకిల్‌కు వేసే 28 బై ఒకటిన్నర టైరులో చదరపు అంగుళానికి 45 పౌండ్ల గాలి ఉందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు సుమారు 3.2 కిలోలు. చక్రం మీద 112 కిలోలు పడినప్పుడు టైరు అడుగున ఎంత వైశాల్యం నేలకు ఆనితే 3.2 చొప్పున 112 అవుతుందో, టైరు దాదాపు అంతవరకూ అణిగి ఆగిపోతుంది. అది 35 చదరపు సెంటీమీటర్లు. అరచేతిలో సగం కూడా లేని ఆ కోలగా ఉన్న మచ్చ మీదే లొట్లూ మనిషీ బండీ నిలబడతాయి. ఆ మచ్చ ఏర్పడటానికి టైరు కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాలి.  టైర్ల మీద బరువు పెట్టి కొలతలు తీసిన అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ బెర్టో, టైరు తన ఎత్తులో 15 శాతం మేర, అంటే 40 మిల్లీమీటర్ల టైరులో 6 మిల్లీమీటర్లు, అణిగితే సుఖానికీ మన్నికకూ సరిపోతుందని చెప్పాడు. 45 పౌండ్లు నిండుగా ఉన్నా ఆలేరు సైకిల్ ఆ హద్దు దాటవచ్చు. 

గాలి సగానికి తగ్గితే? అదే బరువుకు 70 చదరపు సెంటీమీటర్లు కావాలి. టైరు ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా కుంగుతుంది, అంటే ఎత్తులో దాదాపు 40 శాతం. అప్పుడు బాటలో గుడ్డంత రాయి తగిలినా చాలు, ఇనప రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. పంచర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచగానే రెండు చోట్ల బుడగలు వచ్చాయంటే, ముల్లు కోసం టైరంతా తడమాల్సిన పని లేదు. దోషి గాలి తక్కువతనమే.

తక్కువ గాలి కాళ్లను కూడా దోచుకుంటుంది. చక్రం తిరిగే ప్రతిసారీ టైరు అడుగుభాగం వంగి మళ్లీ లేస్తుంది. వంగినప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. 140 కిలోల బండి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గాలి నిండుగా ఉన్న మంచి టైర్లలో ఈ నష్టం 35 వాట్ల చుట్టూ ఉంటుంది. గాలి బాగా తగ్గితే అది రెట్టింపుకు దగ్గరగా పోవచ్చు. రోజంతా శ్రమించే మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది 75 వాట్లు. అంటే గాలి లేని టైరుతో మనిషి సత్తువ దాదాపు అంతా ఆ టైరును పిసకడానికే ఖర్చవుతుంది. బండి బరువెక్కిందని, వయసు మీద పడిందని అనుకునే చాలామందికి కావలసింది పంపు కొట్టడం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన నల్ల సైకిళ్లలో ఎక్కువగా ఉండేది పాతకాలపు డన్‌లప్ రకం వాల్వు. సన్నని గొట్టానికి చిన్న రబ్బరు వాల్ ట్యూబు తొడిగి, లోపలికి పోయిన గాలి బయటికి రాకుండా చేస్తారు. చవక, ఊళ్లో ఎవరైనా మార్చగలరు. కానీ దాని మీద మామూలు గేజి పెట్టి లోపల ఎంత గాలి ఉందో చూడటం కుదరదు. అందుకే బొటనవేలితో నొక్కి చూడటమే కొలత అయింది. బొటనవేలికి 30 పౌండ్లకూ 45 పౌండ్లకూ తేడా అంత తేలిగ్గా తెలియదు. అంతకన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. బండికి పూర్తి బరువు కట్టి, మనిషి ఎక్కి కూర్చున్నాక, వెనక టైరు నేలకు ఆనిన చోట పక్కలు ఎంత ఉబ్బాయో ఇంకొకరు చూడాలి. స్కేలు పెట్టి కొలిస్తే ఇంకా మంచిది. కుంగుడు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్యూబు కూడా చూసుకోవాలి. సహజ రబ్బరు ట్యూబు కన్నా బ్యూటైల్ ట్యూబు గాలిని ఎన్నో రెట్లు బాగా పట్టి ఉంచుతుంది. 1937లో అమెరికాలో తయారైన ఈ కృత్రిమ రబ్బరు మోటారు ట్యూబులను మార్చేసినట్టే సైకిల్ ట్యూబులనూ మార్చింది. కొద్ది రూపాయల తేడాతో రెండూ అంగట్లో దొరుకుతాయి. బరువు మోసేవారు ఆ కొద్ది రూపాయలు దాచుకోకూడదు.

గాలి బరువు మోస్తుంది సరే, ఆ గాలిని పట్టి ఉంచేది ఎవరు? దారం.

టైరును కోసి చూస్తే రబ్బరు కింద గుడ్డ కనిపిస్తుంది. దాన్ని కేసింగ్ అంటారు. గాలి ఒత్తిడికి సాగిపోకుండా టైరు ఆకారాన్ని నిలబెట్టేది అదే. నేతవూళ్ల నడుమ ఉన్న ఆలేరు పాఠకులకు దీని చరిత్ర చెప్పడం తేలిక. బెల్‌ఫాస్టులో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్నప్పుడు, రబ్బరు గొట్టాన్ని చుట్టినది మామూలుగా నేసిన గుడ్డే. అంతకు నలభై ఏళ్లకు ముందే స్కాట్‌లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ ఇదే ఆలోచనకు పేటెంటు పొంది, తోలు కప్పిన గాలి చక్రాలను గుర్రపు బండికి వేయించాడు. అవి సుమారు 1,200 మైళ్లు నడిచాయి కూడా. అయితే అప్పటికి సైకిళ్లు లేవు, గిరాకీ లేదు. డన్‌లప్ కాలానికి రెండూ ఉన్నాయి. టైర్లు వేలల్లో అమ్ముడయ్యాక నేసిన గుడ్డలోని లోపం బయటపడింది.

నేతలో పడుగు దారం పేక దారం మీదుగా, కిందుగా పోతుంది. మగ్గం మీద అదే గుడ్డకు బలం. టైరులో అదే చావుదెబ్బ. చక్రం ఒక్కసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు 450 చుట్లు. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తొక్కితే టైరులోని ప్రతి చోటూ 27 లక్షల సార్లు వంగి లేస్తుంది. వంగిన ప్రతిసారీ పడుగు, పేక కలిసే చోట రెండు దారాలూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. రంపం పెట్టినట్టు కోసుకుంటాయి. బయటి రబ్బరు బాగానే ఉండగా లోపలి గుడ్డ తెగి టైరు పేలిపోయేది. 1890ల్లో అమెరికన్ జాన్ ఫులర్టన్ పామర్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. పేక తీసేశాడు. దారాలన్నీ ఒకే దిక్కుకు పక్కపక్కనే పరిచి రబ్బరులో పొదిగి ఒక పొర చేశాడు. దాని మీద ఎదురు దిక్కుకు ఏటవాలుగా ఇంకో పొర. మధ్యలో రబ్బరు ఉంటుంది కనుక దారం దారాన్ని తాకదు. నేటి సైకిల్ టైరు దాదాపు ఇంతే. దారం మాత్రం మారింది. అప్పుడు పత్తి, ఇప్పుడు నైలాన్.

అంగుళానికి ఎన్ని దారాలు అన్నది టైరు వ్యాపారంలో పెద్ద మాట. నేత ఇళ్లకు ఇది కొత్త కాదు. ఆలేరు మండలంలోని శారాజీపేటలో పుట్టి, తల్లి చేతినొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును వరసగా చుట్టాలంటే, చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. అలాంటి ఇళ్లలో పెరిగిన వారికి సన్నదారం విలువ చెప్పక్కర్లేదు. దారం సన్నగా, నేత చిక్కగా ఉన్నకొద్దీ చీర ధర పెరుగుతుంది. పందెపు సైకిల్ టైరుకూ అదే నియమం. సన్నని దారాల టైరు మెత్తగా వంగి తేలిగ్గా దొర్లుతుంది. బరువు బండికి ఈ నియమాన్ని తిప్పి చదువుకోవాలి. అంగుళానికి దారాలు తక్కువైనా ఒక్కోటి లావుగా ఉంటే, గాజుపెంకు తగిలినా, రాయి అంచు పక్కన గీసినా అంత సులువుగా తెగదు. పెట్టె మీద దారాల సంఖ్య ఎక్కువగా రాసి ఉందని మురిసిపోయి కొనే టైరు, లొట్ల బండికి తగింది కాదు.

ముళ్ల సంగతి. ఈ నేలలో మూడు రకాల ముళ్లతో తంటా. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ ముళ్లు చాలా పొడుగు. ఏ టైరు రబ్బరూ వాటిని పూర్తిగా ఆపలేదు. మూడోది పల్లేరు. వానలు వెనకబట్టాక చెల్కల గట్ల మీద, బాటల అంచుల్లో ఎండిన పల్లేరు కాయలు పరుచుకుని ఉంటాయి. ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలిచేలా ఉంటుంది దాని నిర్మాణం. ఇదే మొక్క అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోకి పాకి, అక్కడి సైకిళ్లకు పెద్ద బెడద అయింది. దాన్ని అదుపు చేయడానికి 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కు పురుగులను తెప్పించి వదిలారు. పల్లేరు ముల్లు పొడవు అర సెంటీమీటరుకు అటూ ఇటూ. నేలను తాకే భాగంలో రబ్బరు మందంగా ఉంటే ఇది ట్యూబు దాకా పోలేదు. జర్మనీ కంపెనీ ష్వాల్బే తన మారథాన్ ప్లస్ టైరులో ట్రెడ్ (నేలను తాకే రబ్బరు) కింద 5 మిల్లీమీటర్ల మెత్తని రబ్బరు పట్టీ పెట్టింది అందుకే. టాండెమ్ యాత్రికుల్లో దానికి మంచి పేరుంది. బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. మన దగ్గర అదే పని పాత ట్యూబు చేస్తుంది. పాత ట్యూబును నిలువునా చీల్చి, వాల్వు దగ్గర తీసేసి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పరిస్తే పల్లేరు ముళ్లను చాలావరకు ఆపుతుంది. అంచులు మడత పడకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ మడతే ట్యూబును రాసి కొత్త పంచర్ తెస్తుంది.

ఈ ఉపాయానికి చరిత్రలో పెద్ద సాక్ష్యం వియత్నాంలో ఉంది. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి బియ్యం, మందుగుండు చేరవేయడానికి వేలాది సైకిళ్లు అడవి బాటలు పట్టాయి. తొక్కడానికి కాదు, తోయడానికి. హ్యాండిల్‌కు ఒక కర్ర, సీటుకు ఒక కర్ర కట్టి, పక్కన నడుస్తూ నడిపారు. ఒక్కో సైకిల్ మీద 200 కిలోలు మామూలు. మా వాన్ థాంగ్ అనే కూలీ 352 కిలోలు మోసి రికార్డు నెలకొల్పాడు. టైర్లు ఆగడం కోసం వాళ్లు పాత గుడ్డలను, లాగుల కాళ్లను చింపి ట్యూబు చుట్టూ చుట్టి టైరులో పెట్టారు. నడక వేగంలో పోయే బండి కనుక రాపిడి వేడి పెద్దగా లేదు. గుడ్డ పొర పనికొచ్చింది. తొక్కుతూ గంటకు 15 కిలోమీటర్లు పోయే బండిలో గుడ్డ పెడితే అది ట్యూబును అరగదీస్తుంది. పాత ట్యూబు పట్టీయే మేలు.

వెడల్పు సంగతి టాండెమ్ వాళ్లు బాగా తెలుసుకున్నారు. వెడల్పు టైరులో గాలి పరిమాణం ఎక్కువ, కనుక తక్కువ ఒత్తిడితోనే అంతే బరువు మోయగలదు, గతుకుల్లో రిమ్ము దాకా నలగదు. టైరు పక్కన రాసి ఉండే అంకెలు చూడాలి. నల్ల సైకిల్ టైరు మీద 40-635 అని ఉంటే 40 మిల్లీమీటర్ల వెడల్పు, రిమ్ములో కూర్చునే వృత్తానికి 635 మిల్లీమీటర్ల వ్యాసం అని అర్థం. టాండెమ్‌లకు 40 నుంచి 50 మిల్లీమీటర్ల టైర్లు వాడతారు. వెడల్పు టైరులోనూ ఇరుకు టైరులో ఉన్నంత గాలే కొడదామంటే మాత్రం తప్పు. కేసింగ్ దారాల మీద పడే లాగుడు ఒత్తిడితోపాటు టైరు లావుతోనూ పెరుగుతుంది. 45 పౌండ్లలో 40 మిల్లీమీటర్ల టైరు కేసింగ్ సెంటీమీటరుకు సుమారు 6.4 కిలోల లాగుడు భరిస్తుంటే, 50 మిల్లీమీటర్లది 8 కిలోలు భరించాలి. ఆ బలం రిమ్ము అంచులను కూడా బయటికి తోస్తుంది. 635 కొలత నల్ల సైకిల్‌కు వెడల్పు ఎంచుకునే వెసులుబాటు చాలా తక్కువ. కాబట్టి మన చేతిలో ఉన్నవి గాలి, కేసింగ్, బరువు కట్టే తీరు.

ఆ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. లొట్లను, బిందెలను ఇరుసుకు వెనక కాక, సరిగ్గా ఇరుసు మీదుగా కిందికి వేలాడేలా కడితే వెనక టైరు మీద 5 కిలోలు తగ్గుతాయి. వాటిలో ఒక 15 కిలోలను ముందు గొట్టం మీదికి, సీటుకూ హ్యాండిల్‌కూ నడిమికి తెస్తే వెనక చక్రం 112 నుంచి దాదాపు 100 కిలోలకు దిగుతుంది. పైసా ఖర్చు లేదు. ముందు చక్రం తేలిపోకుండా హ్యాండిల్ కూడా నిలకడగా ఉంటుంది.

ఎండ గురించి ఒక నమ్మకం ఉంది. మే నెలలో ఎండకు పెట్టిన సైకిల్ టైరు పేలితే, గాలి వేడెక్కి ఉబ్బిపోయిందంటారు. పొద్దున 25 డిగ్రీల్లో 45 పౌండ్లు కొట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు చేరిందనుకున్నా, లోపలి ఒత్తిడి 52 పౌండ్ల దగ్గర ఆగుతుంది. బాగున్న టైరు దానికి చెక్కుచెదరదు. పేలిందంటే దారాలు ముందే పుచ్చిపోయాయనో, టైరు అంచు తీగ రిమ్ములో సరిగా కూర్చోలేదనో అర్థం. ఎండ చేసే అసలు కీడు మెల్లగా జరుగుతుంది. గాలిలోని ఓజోను, అతినీలలోహిత కిరణాలు రబ్బరు గొలుసులను తెంచుతూ పోతాయి. టైరు పక్కన సన్నని పగుళ్లు మొదలవుతాయి. నేలను తాకని ఆ పక్క రబ్బరు చాలా పలచన. దాని వెనకే దారాలు. పగుళ్లలోంచి నీరు, మట్టి చేరితే దారం పుచ్చుతుంది. టైరు నల్లగా ఉండటానికి కారణమైన కార్బన్ బ్లాక్ ఈ కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. ఎండలో వదిలేసిన బండికి ఆ రక్షణ చాలదు. చెట్టు నీడ, గోనెపట్టా, ఏదైనా సరే, టైరు ఆయుష్షును పెంచుతుంది.

వేడి నిజంగా టైరును పేల్చే చోటు వేరే ఉంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే దారిలో ఈగలపెంట దాటి ఆనకట్ట వైపు దిగే ఘాట్ లాంటి చోట, 180 కిలోల టాండెమ్ ప్రతి 100 మీటర్లు కిందికి దిగినప్పుడు సుమారు 176 కిలోజౌళ్ల శక్తిని బ్రేకులు మింగాలి. అదంతా రెండు అల్యూమినియం రిమ్ముల్లోనే నిలిచిపోతే వాటి వేడి 190 డిగ్రీలు పెరుగుతుంది. గాలి తగిలి చాలావరకు చల్లారుతుంది కనుక అంత దాకా పోదు. అయినా మెల్లగా, బ్రేకు వదలకుండా దిగే వారి ట్యూబులు రిమ్ము దగ్గర మెత్తబడి పేలిన సందర్భాలు ఎన్నో. కొండల్లో తిరిగే టాండెమ్‌లకు వెనక ఇరుసు దగ్గర విడిగా డ్రమ్ము బ్రేకో, డిస్కు బ్రేకో పెట్టేది అందుకే. ఆలేరు–కొలనుపాక దారికి ఆ భయం లేదు.

ఇక కొనుగోలు. మన దేశంలో సైకిల్ టైర్లకూ రిక్షా టైర్లకూ కలిపి ఐఎస్ 2414 ప్రమాణం ఉంది. లూధియానాలోని రాల్సన్, మెట్రో, హైదరాబాదులోని హార్టెక్స్ వంటి కంపెనీలు ఈ టైర్లు చేస్తాయి. వెనక చక్రానికి కొనేటప్పుడు అదే కొలతలో రిక్షా టైరు ఉందేమో అడగాలి. కేసింగ్ పొరలు బలంగా ఉండి, ముగ్గురిని ఎక్కించుకునే బండి కోసం తయారైంది అది. బరువుగా ఉంటుంది, ఖాళీగా తొక్కేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. 60 కిలోల సరుకు వేసుకునే వారికి ఆ బేరం లాభమే. చేత్తో పట్టుకుని పక్కలను రెండు బొటనవేళ్లతో మడిచి చూడాలి. అట్టలా చిట్లే చప్పుడు చేస్తే, సన్నని గీతలు కనిపిస్తే, అది అంగడిలో ఏళ్ల తరబడి ఎండిన సరుకు. మెరుపు చూసి మోసపోవద్దు. రిమ్ము లోపల పుల్లల నిపిల్స్ పొడుచుకు రాకుండా పట్టీ కొత్తది వేయించుకోవాలి. మన నల్ల సైకిల్ వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు 32 ఉంటాయి. టాండెమ్ చక్రాలకూ తరచూ 40 పుల్లలే వాడతారు. చక్రం నిర్మాణంలో మన బండి ఎవరికీ తీసిపోదు. లోటు వచ్చేదల్లా టైరు దగ్గరే.

వెనక టైరు ముందు టైరు కన్నా ఎంతో తొందరగా అరుగుతుంది. గుండైన వెనక టైరును తీసి ముందు చక్రానికి వేసుకుని, ఇంకొన్నాళ్లు లాగించడం ఊళ్లలో మామూలు. బరువు తక్కువ కనుక నడుస్తుందని నమ్మకం. ముందు టైరు పేలితే మాత్రం హ్యాండిల్ చేతికి దక్కదు, 60 కిలోల లొట్లతో సహా మనిషి ముందుకు పడతాడు. వెనకది పేలితే బండి ఆగిపోతుంది, అంతే. కాబట్టి అరిగిన టైరును ముందుకు మార్చేముందు పక్కలు ఒకసారి వెలుతురులో చూడండి. దారం ఒక్కచోట బయటపడినా, ట్రెడ్ మీద ఎంత రబ్బరు మిగిలి ఉన్నా, ఆ టైరును ఏ చక్రానికీ వేయకండి.